నడిగోదారిలో రెండు పెట్టెలు

గోదారి రెండు గట్లూ గాలించినా నా అంత నిజాయితీగా కథ చెప్పేవాడు దొరకడు. గొప్ప కోసం అనడం లేదు. మా వైపు పులసచేప ఎంత పొడుగుందో చెప్పేటప్పుడు ప్రతివాడూ రెండు చేతులూ బార్లా చాపుతాడు. నేను మాత్రం మోచేయి దాటి చూపించను. అలాంటివాణ్ణి చెబుతున్నాను, ఈ కథలో నేను కళ్ళారా చూడని ముక్క ఒక్కటీ లేదు. నడిగోదారిలో ఆ పంటు మీద నేనూ ఉన్నాను.

ఇక ఏడుకొండలు సంగతి.

గుబ్బల ఏడుకొండలు గట్ల పరిరక్షణ మండలిలో గుమాస్తా. గోదారి గట్లు తెగకుండా చూడటం ఆ మండలి పని. గట్లు రెండు కాబట్టి ఆఫీసులూ రెండు. పడమటి గట్టున ఇసకరేవులో ఒకటి, దానికి సరిగ్గా ఎదురుగా తూర్పు గట్టున పాలగట్టులో ఒకటి. ఏడుకొండలు కుర్చీ ఇసకరేవులో. అతని భార్య మంగతాయారు పాలగట్టు ఆసుపత్రిలో నర్సు. నడుమ గోదారి. పెళ్ళైన నాటి నుంచీ అతను వారమంతా ఇసకరేవులో అద్దెగదిలో అడుగంటిన అన్నం తిని, శనివారం సాయంత్రం లోవరాజు పడవెక్కి కాపురానికి వెళ్ళేవాడు. గాలి ఇటు మళ్ళిన రోజున అవతలి గట్టు మీద మంగతాయారు పెట్టిన తిరగమోత ఘాటు అతని గదిలోకి వచ్చేది. ఆ ఘాటుకు తుమ్ముతూ ఇక్కడ చల్లన్నం కలుపుకునేవాడి కష్టం ఎవరితో చెప్పుకోవాలి?

మండలికే చెప్పుకున్నాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉద్యోగస్తులైతే ఒక్కచోట వేయాలని రూలుంది. దాన్ని స్పౌజు కేసు అంటారు. నిజానికి అదేమీ నేరం కాదు గానీ, నడిచే తీరు మాత్రం కోర్టు కేసు లాగే ఉంటుంది. ఏడుకొండలు అర్జీ పెట్టాడు, మళ్ళీ పెట్టాడు, దండం పెట్టాడు. జవాబు వచ్చేలోపల వరద వచ్చింది.

ఆ వరద ఇసకరేవు ఆఫీసులోకి చొరబడి బీరువాలు తెరిచి, ఫైళ్ళన్నిటినీ ఒక్కొక్క కాగితమే తిరగేసి, తనతో తీసుకుపోయింది. అంత శ్రద్ధగా ఆ ఫైళ్ళను అంతకుముందు ఎవరూ తిరగేసింది లేదు. దాంతో పెద్దాఫీసు మేలుకుంది. ఒక గట్టు మునిగినా రెండో గట్టున ప్రతి ఉండాలి, కాబట్టి రెండు ఆఫీసుల్లోనూ అన్ని కాగితాలూ ఉండాలి అని తీర్మానించింది. ఇంతవరకూ ఎవరూ వంక పెట్టడానికి లేదు. మంచి ఆలోచన ఆఫీసు గుమ్మం దాటి లోపలికి వెళ్ళాక ఏమవుతుందన్నదే మన కథ.

రెండు పెట్టెలు వచ్చాయి. ఒక్కొక్కటీ ఇడ్లీపాత్రంత. పొట్టలో డిస్కులు, వీపున తీగలు. ఆఫీసులో ఏ కంప్యూటరు ముందు కూర్చున్నవాడైనా తన కాగితాలను ఆ పెట్టెలోకి తోయవచ్చు, కావలసినప్పుడు అందులోంచి లాక్కోవచ్చు. ఈ గట్టు పెట్టెలో ఏది వేస్తే ఆ గట్టు పెట్టెలోనూ అది ప్రత్యక్షం కావాలి. ఇందులో తీసేస్తే అందులోనూ మాయం కావాలి. ఒకే కాగితం రెండింటిలో రెండు రకాలుగా కనబడితే, ఎవరు చివర ముట్టుకుంటే వారిదే సత్యం. కుర్రకారు దీన్ని సింక్ చేయడం అంటారు. పెద్దాఫీసువారు మాత్రం ‘ఇరుగట్ల ఏకత్వ విధానము’ అని పేరు పెట్టి, దానికొక జాయింట్ డైరెక్టరును కూడా వేశారు. ఆయన పేరు మార్తాండరావు గారు.

మార్తాండరావు గారు మాట్లాడితే కాగితం చదువుతున్నట్టే ఉండేది. భోజనానికి లేస్తూ కూడా, “అన్నస్వీకార నిమిత్తం నిష్క్రమించుచున్నాను” అనేవారట. ఆయన ఇసకరేవు వచ్చి, పెట్టె మీద చెయ్యి వేసి, “ఇకమీదట రెండు కార్యాలయములు అను భావనయే అంతరించవలెను. ఒక్కటే ఆత్మ, రెండు గట్లు” అని ప్రకటించి, పాలగట్టు వెళ్ళి అక్కడా పెట్టె మీద చెయ్యి వేసి అక్షరం మారకుండా అదే మాట అన్నారు. రెండు చోట్లా చప్పట్లు కూడా సమానంగా పడ్డాయని రిపోర్టులో రాసుకున్నారు.

చిక్కల్లా ఏమిటంటే, పెట్టెలు రెండూ మాట్లాడుకోవాలంటే నడుమ ఇంటర్నెట్టు ఉండాలి. ఇసకరేవులో ఇంటర్నెట్టు గాలివాటం చూసుకుని వచ్చేది. వచ్చినా గోదారి చూసి వెనక్కి పోయేది. ఈ సంగతి పైకి రాస్తే జవాబు వచ్చింది: “సంధానము లభ్యము కానిచో పెట్టెలను భౌతికముగా ఒకచోటికి చేర్చి ఏకత్వము సాధించవలెను.”

ఏ చోటికన్నది ఉత్తర్వులో లేదు.

ఇసకరేవు ఆఫీసరు దైవాధీనం గారు పైవారి మాట జవదాటని మనిషి. సోమవారం ఆఫీసు తెరవగానే పెట్టెను తువ్వాల్లో చుట్టించి, ఏడుకొండలు ఒళ్ళో పెట్టి, పాలగట్టు పంపించారు. పాలగట్టు ఆఫీసరు కూడా జవదాటని మనిషే. ఆయనా అదే వేళకు తన గుమాస్తా అంజిబాబు ఒళ్ళో తమ పెట్టె పెట్టి ఇసకరేవు పంపించాడు.

నడిగోదారిలో లోవరాజు తెడ్డు ఆపాడు. “ఏవండీ గుమాస్తాగారూ, ఆ పడవలోనూ ఓ పెట్టి వత్తందండి! మన పెట్టికి కవల లాగుందే!”

ఏడుకొండలు లేచి నిలబడి కేకేశాడు. “అంజిబాబూ! ఎక్కడికయ్యా ఆ పెట్టె?”

“మీ ఆఫీసుకేనండి. మరి మీరెక్కడికి?”

“మీ ఆఫీసుకే. ఇద్దరం వెళితే అక్కడేముంటుంది? నువ్వు వెనక్కి తిరుగు!”

“బలేవోరే! మాకు చేర్చమని ఉంది గానీ తిరిగి తెమ్మని లేదండి. మీరే తిరగండి.”

“మాకూ అదే కాగితం అయ్యా.”

“అయితే ఇంకేం, ఇద్దరమూ రూలు ప్రకారమే వెళ్తన్నాం, ఆయ్” అని అంజిబాబు చెయ్యి ఊపి సాగిపోయాడు.

ఇసకరేవు పెట్టె పాలగట్టు చేరింది. పాలగట్టు పెట్టె ఇసకరేవు చేరింది. రెండు ఆఫీసుల నుంచీ ‘పెట్టె ప్రయాణము జయప్రదము’ అని తంతి లాంటి రిపోర్టులు వెళ్ళాయి. మర్నాడు ఇద్దరు ఆఫీసర్లూ తెలివి తెచ్చుకున్నారు. ఇద్దరూ ఎదుటివారే వస్తారని రేవులో గొడుగు వేసుకుని కూర్చున్నారు. ఎవరూ రాలేదు. ఆ మర్నాడు ఇద్దరికీ ఒకేసారి ఓపిక నశించింది. మళ్ళీ రెండు పడవలూ నడిగోదారిలో ఎదురయ్యాయి. ఇలా కొన్ని వారాలు సాగేసరికి ఏ పెట్టె ఏ గట్టుదో ఎవరికీ గుర్తులేకుండా పోయింది. మార్తాండరావు గారు మాత్రం సంతోషించారు. “భేదము గుర్తించలేకపోవుటయే ఏకత్వమునకు తొలిమెట్టు” అన్నారు.

రెండో మెట్టుగా ఆయనే ఒక ఉపాయం కనిపెట్టారు. ఏ గట్టువారూ అవతలి గట్టుకు వెళ్ళనక్కరలేదు. నడిగోదారే తటస్థ స్థలము. అక్కడ ఒక పంటును, అంటే రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచినదాన్ని, లంగరు వేసి నిలిపి, దాని మీద పెట్టెలు కలుసుకునేట్టు చేయాలి. పంటు సరిగ్గా నడుమ ఉండాలని తాళ్ళతో కొలిచారు. గోదారి ఒక గట్టున తగ్గి ఇంకో గట్టున పెరిగేది కాబట్టి నడుమ అన్నది రోజుకో చోట ఉండేది. పంటు రోజూ కొంచెం అటు, కొంచెం ఇటు జరిగేది. ఒకనాడు దైవాధీనం గారు, “మాకు దూరముగా ఉంచి తూర్పువారికి పక్షపాతము చూపుచున్నారు” అని రాతపూర్వకంగా అలిగారు కూడా.

ప్రారంభోత్సవం నాడు పంటుకు మామిడాకులు కట్టారు, జనరేటరుకు బొట్టు పెట్టారు. రెండు పెట్టెలనూ పీటల మీద ఎదురెదురుగా కూర్చోబెట్టి, నడుమ తెర పట్టి, మార్తాండరావు గారు స్వహస్తాలతో తీగ కలిపారు. పెట్టెలు గుర్రుమన్నాయి. అందరూ అక్షింతలు వేశారు.

ఆ పంటు మీద నేనూ ఉన్నానన్నాను కదా. ఉన్నాననే చెప్పుకొద్దామనుకున్నాను గానీ, ఆ రోజు మా తోడల్లుడి ఇంట గృహప్రవేశం. ఇదంతా లోవరాజు చెబితే విన్నదే. లోవరాజు చేపల విషయంలో తప్ప అబద్ధమాడడు. పంటు కూడా నీళ్ళలోదే కాబట్టి మీరు కాస్త చూసుకుని నమ్మండి.

సరిగ్గా ఆ వారమే ఏడుకొండలుకు పాలగట్టు బదిలీ ఉత్తర్వు వచ్చింది.

అతని సంబరం చెప్పనలవి కాదు. అద్దెగది ఖాళీ చేశాడు. స్టవ్వూ, బక్కెట్టూ, పరుపుచుట్టా లోవరాజు పడవలో వేశాడు. అవతల మంగతాయారు మంచం వాకిట్లోకి లాగి కొత్త నవారు అల్లించింది. ఇక మిగిలింది మామూలు తతంగం. పాత ఆఫీసువారు అతన్ని తమ పెట్టెలోంచి తీసేయాలి, కొత్త ఆఫీసువారు తమ పెట్టెలో వేసుకోవాలి. పాలగట్టువారు పొద్దున్నే వేసుకున్నారు. ఇసకరేవులో దైవాధీనం గారు భోజనం చేసి వచ్చి తీసేశారు. సాయంత్రం పెట్టెలు పంటు మీద కలుసుకున్నాయి. చివర ముట్టుకున్నది ఎవరు? దైవాధీనం గారు. కాబట్టి తీసేయడమే సత్యం. పాలగట్టు పెట్టె కూడా బుద్ధిగా ఏడుకొండలును తీసేసింది.

మర్నాడు పాలగట్టులో సంతకం పెట్టబోతే, “మీరు మా పెట్టెలో లేరండి” అన్నారు. ఇసకరేవు వెళితే, “మిమ్మల్ని నిన్ననే తీసేశాం కదటయ్యా” అన్నారు దైవాధీనం గారు, చనిపోయినవాణ్ణి పలకరిస్తున్నంత మెత్తగా. ఏడుకొండలు నడిగోదారికి వెళ్ళి పంటెక్కాడు.

“అయ్యా, నేనున్నానండి” అన్నాడు.

పంటు మీదే మకాం వేసిన మార్తాండరావు గారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. “ఉన్నారని మీరు వాదించుచున్నారు. లేరని రెండు పెట్టెలు ఏకగ్రీవముగా చెప్పుచున్నవి. ఇది విధానము ప్రారంభమైన పిదప సాధించిన తొలి ఏకగ్రీవము. దీనిని భంగపరచుట మీకు భావ్యమా?”

“మరి నా ఉద్యోగం ఎలాగండి?”

“లేనివారికి ఉద్యోగమెట్లుండును?”

పక్కనే కూర్చుని వల బాగుచేసుకుంటున్న లోవరాజు తలెత్తి, “అయ్‌బాబోయ్, మనిషి ఎదరే నిలబడ్డాడు కదండీ, గిల్లి సూడండి” అన్నాడు. గిల్లడానికి విధానంలో చోటు లేదన్నారు మార్తాండరావు గారు.

కాళ్ళావేళ్ళా పడితే, సవరణ అని పాలగట్టువారు మళ్ళీ అతన్ని పెట్టెలో వేశారు. ఈసారి చివర ముట్టుకున్నది వారు. సాయంత్రం పెట్టెలు కలుసుకునేసరికి ఏడుకొండలు రెండు పెట్టెల్లోనూ ప్రత్యక్షమయ్యాడు. మర్నాడు రెండు గట్ల నుంచీ కబురొచ్చింది, హాజరు కావాలని. బెల్లు కొట్టే వేళకు రెండు చోట్లా ఉండాలి. ఇసకరేవులో కుర్చీలో కూర్చోగానే పాలగట్టులో లేడని రాసేవారు. పాలగట్టులో కలం తీయగానే ఇసకరేవులో లేడని రాసేవారు. అతని ఉద్యోగమంతా, రాత్రి పడకతో సహా, లోవరాజు పడవలోనే గడిచిపోయింది.

ఆ బెడద మీద మళ్ళీ పంటెక్కి మొరపెట్టుకుంటే మార్తాండరావు గారు జాలిగా చూసి అన్నారు: “మీరు ఉద్యోగి కారు, ఏడుకొండలు గారూ. మీరొక వ్యత్యాసము.”

ఇక మంగతాయారు ఒకనాడు పాలగట్టు రేవుకే వచ్చి అతన్ని నిలదీసింది. “ఇదివరకు వారానికోసారైనా ఇంట్లో కనబడేవారు. ఇప్పుడు రోజూ నాలుగైదుసార్లు మా రేవులో దిగుతున్నారంట, ఒక్కసారీ గుమ్మం తొక్కింది లేదు. మొన్న ఆసుపత్రి కిటికీలోంచి చేతులూపితే, మీరు నన్ను చూసి దండం పెట్టి పడవెక్కేశారు. నేనేవన్నా ఆఫీసర్నా?”

“కళ్ళు తిరుగుతున్నాయే తాయారూ. ఏ గట్టో తెలీడం లేదు.”

“తెలీకపోతే ఇంట్లోకి రండి. ఇది ఏ గట్టయినా ఇల్లే కదా.”

రాగలిగితే కదా. అప్పటికే మార్తాండరావు గారికి మూడో మెట్టు తోచింది. పెట్టెలు ఒకేలా ఉంటే చాలదు, పెట్టెలున్న ఆఫీసులూ ఒకేలా ఉండాలి, లేకపోతే పెట్టె అబద్ధం చెప్పినట్టవుతుంది. రెండు గట్లకూ తనిఖీకి వెళ్ళారు. ఇసకరేవులో ఒక కుర్చీకి కాలు విరిగి ఉంది. పాలగట్టు కుర్చీకి నాలుగు కాళ్ళూ ఉన్నాయి. విరిగిన కాలు బాగుచేయించడానికి పెద్దాఫీసు అనుమతి కావాలి. బాగున్న కాలు విరగ్గొట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పాలగట్టు కుర్చీ కాలు రంపంతో కోయించారు. ఇసకరేవు ఆఫీసు బీరువా కింద పిల్లి ఈనింది. పాలగట్టువారు ఊరంతా తిరిగి చూలు పిల్లిని వెతికి తెచ్చుకుని, అది ఈనేదాకా పని ఆపి కాపలా కాశారు. పాలగట్టు పిల్లికి ఒక కూన ఎక్కువ పుట్టింది. ఆ కూన పంటు మీద ఉంచబడింది. దైవాధీనం గారికి పన్నునొప్పి వచ్చి పన్ను పీకించుకుంటే, పాలగట్టు ఆఫీసరు భయపడి తనంతట తానే ఒక పన్ను పీకించుకుని రసీదు జతచేశాడు. పీకింది మన మంగతాయారు పనిచేసే ఆసుపత్రిలోనే. “పన్ను పుచ్చలేదండి” అని ఆవిడ అంటే, “పుచ్చిందా లేదా కాదమ్మా, అవతల లేదు” అన్నాడట ఆయన నోరు తెరుస్తూ.

ఇక మిగిలింది ఉద్యోగుల కుటుంబాలు. ఒకనాడు ఏడుకొండలు చేతికి కాగితం వచ్చింది. అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఆ రోజు ఎవరికీ చెప్పకుండా పడవ దిగి ఇంటికి వెళ్ళాడు. మంగతాయారు అన్నం వడ్డిస్తూ, “ఏంటా మొహం?” అని జేబులోంచి లాక్కుని చదివింది.

“తూర్పు గట్టున సదరు ఉద్యోగికి మంగతాయారు అను భార్య కలదు. పడమటి గట్టున తత్సమానమైన భార్య కానరాదు. కావున వారము దినములలోగా పడమటి గట్టున కూడ ఒక భార్యను ఏర్పాటు చేసి చూపవలెను. లేనిచో తూర్పు గట్టున ఉన్న భార్యను తొలగించి ఏకత్వము పాటించవలెను.”

మంగతాయారు గరిటె కింద పెట్టింది.

“చూసుకున్నారా మరి, అవతల గట్టున?”

“ఛ ఛ! అవేం మాటలే!”

“ఎవరూ అడగలేదా?”

“దైవాధీనం గారడిగారు, ఎవరన్నా ఉన్నారా అని. లేరండీ అన్నాను. పాపం, ఆయన వాళ్ళ ఊళ్ళో వాకబు చేస్తానన్నారు.”

“వాకబు చేస్తానన్నారా! మీరేమన్నారు?”

“థాంక్సండీ అన్నాను. ఆఫీసరు కదా తాయారూ, ఏదన్నా చేస్తానంటే అలా అనడం అలవాటు.”

మంగతాయారు చెయ్యి కడుక్కుంది. తెల్లచీర కొంగు బొడ్లో దోపింది. “లేవండి. తిన్నది చాలు” అంది. అతని చెయ్యి పట్టుకుని రేవుకు నడిచింది. లోవరాజు ఆవిణ్ణి చూసి బేరం ఆడకుండా పడవ విప్పాడు.

పంటు మీద పెట్టెలు గుర్రుమంటున్నాయి. ఎక్కువ పుట్టిన కూన మార్తాండరావు గారి ఫైళ్ళ మీద పడుకుని ఉంది. మంగతాయారు పంటెక్కి ఆ కాగితం ఆయన ముందు పెట్టింది.

“అయ్యగారూ, ఇది మీరు రాసిందేనా అండి?”

“విధానము రాసినది. నేను సంతకము మాత్రమే.”

“నేను ఈయన పెళ్ళాన్నండి. నన్ను తీసేస్తారంట కదా. ఎలా తీసేస్తారో అడుగుదామని వచ్చాను.”

మార్తాండరావు గారు కాస్త వెనక్కి జరిగారు. “అమ్మా, ఇందు వ్యక్తిగత ద్వేషము లేదు. రెండు గట్లును సర్వసమానములు కావలెను. అంతియే.”

“అయినాయా అండి?”

“ఏవి?”

“ఆఫీసులండి. ఇసకరేవూ పాలగట్టూ. సమానం అయిపోయినాయా, ఇంకా తేడా ఉందా?”

ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ ఈ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. “అణుమాత్రము భేదము లేదు తల్లీ! కుర్చీలకు కాళ్ళు సమానము. పిల్లులు సమానము. అధికారుల దంతములు సమానము. ఒకదానిలో ఉన్నవాడు కండ్లు మూసి తెరచినచో ఎందున్నాడో చెప్పజాలడు!”

“అలాగాండి. అయితే మా ఆయన పాలగట్టులో కూర్చుంటే ఇసకరేవులో కూర్చున్నట్టేనా, కాదా అండి?”

లోవరాజు తెడ్డు కింద పెట్టాడు. ఏడుకొండలు భార్య కొంగు పట్టుకుని మెల్లిగా, “తాయారూ, వద్దే, బదిలీ మొత్తం పోతుంది” అన్నాడు.

“ఉండండి మీరు. చెప్పండి అయ్యగారూ. కూర్చున్నట్టు కాదంటే రెండింటికీ తేడా ఉన్నట్టండి. తేడా ఉందంటే ఇన్నాళ్ళూ మీరు చేసిందేమిటండి? కూర్చున్నట్టేనంటే ఈ మనిషిని పాపం పడవలో ఎందుకు తిప్పుతున్నారండి? రెండు ఆఫీసులూ ఒక్కటే అయినప్పుడు రెండు గట్లా ఉన్న పెళ్ళామూ ఒక్కతే. అది నేనేనండి.”

అప్పుడు మార్తాండరావు గారు లేచి నిలబడి, కళ్ళద్దాలు తీసి, కళ్ళు తుడుచుకున్నారు. “ఇది నాలుగవ మెట్టు! ఇది పరాకాష్ఠ! పెట్టెలకు కూడ తోచనిది మీకు తోచినది!” అని అప్పటికప్పుడు ఉత్తర్వు రాయించారు. “ఒక కార్యాలయమున ఆసీనుడైన ఉద్యోగి రెండింటను ఆసీనుడైనట్లే పరిగణించబడును. భార్యలు మున్నగువారికిని ఇదే వర్తించును.”

ఏడుకొండలు పాలగట్టులో కుర్చీ వేసుకున్నాడు. నాలుగు రోజులు ఇంటి అన్నం తిన్నాడు. ఐదో రోజున రెండు ఆఫీసులవారికీ ఉత్తర్వు అర్థమైంది. తూర్పున ఇల్లున్న పడమటివాళ్ళు తూర్పుకు, పడమట ఇల్లున్న తూర్పువాళ్ళు పడమటికి వచ్చేశారు. ఎవరికి ఎవరు ఆఫీసరో తెలియకుండా పోయింది గానీ, అందరూ వేడన్నం తింటున్నారు కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

పెద్దాఫీసులో మాత్రం ఎవరో లెక్కల మనిషి ఒక ప్రశ్న వేశాడు. రెండు ఆఫీసులూ అచ్చంగా ఒక్కటే అయినప్పుడు రెండెందుకు? వెంటనే ఉత్తర్వు వెలువడింది: “రెండవ కార్యాలయము మూసివేయవలెను.” పద్ధతి ప్రకారం దాన్ని పెట్టెలో వేశారు. పంటు మీద కలిశాక రెండు పెట్టెల్లోనూ అదే ఉత్తర్వు, అక్షరం తేడా లేకుండా.

ఇసకరేవులో దైవాధీనం గారు చదివి, రెండవది పాలగట్టు అని ఒక్క చూపులో గ్రహించారు. పాలగట్టు ఆఫీసరు చదివి, రెండవది ఇసకరేవు అని రెండో చూపు అక్కరలేకుండానే తెలుసుకున్నాడు. పొద్దున్నే ఈ గట్టు నుంచి ఒక పడవ, ఆ గట్టు నుంచి ఒక పడవ తాళంకప్పలతో బయల్దేరాయి. నడిగోదారిలో ఎదురయ్యాయి.

“ఎక్కడికి అంజిబాబూ?” అన్నాడు ఇసకరేవు పడవలోని బిళ్ళబంట్రోతు.

“మీ ఆఫీసు మూయడానికండి. మీరో?”

“మీది మూయడానికే.”

“శుభం. జాగ్రత్తగా వేయండి, గడియ కాస్త బిగుతు” అని అంజిబాబు సలహా ఇచ్చాడు.

భోజనాల వేళకు రెండు ఆఫీసులకూ తాళాలు పడ్డాయి. పాలగట్టులో ఏడుకొండలును కుర్చీతో సహా బయట పెట్టి మరీ వేశారు. మూడు కాళ్ళ కుర్చీలో గోడకు ఆనుకుని కూర్చుని, మంచానికి అల్లించిన కొత్త నవారు ఏమైపోతుందా అని అతను ఏడవబోయాడు. ఇక్కడ ఆఫీసు లేకపోతే అతన్ని ఇంకెక్కడికో వేస్తారు. ఆ ఇంకెక్కడో గోదారి ఒక్కటే కాదు, కృష్ణ కూడా దాటాలేమో.

కానీ మండలి అన్నాక ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. వెతగ్గా వెతగ్గా తాళం పడనిది ఒక్కటే కనబడింది. తాళం వేయడానికి దానికి తలుపు లేదు కాబట్టి.

మర్నాటి నుంచి గట్ల పరిరక్షణ మండలి పంటు మీదే నడుస్తోంది. రెండు గట్ల గుమాస్తాలూ పొద్దున్నే పడవలెక్కి వస్తారు, సాయంత్రం ఎవరి గట్టుకు వారు పోతారు. వరదకు దూరంగా వేరువేరు గట్ల మీద ఉండాలని కొన్న పెట్టెలు రెండూ ఇప్పుడు గోదారి నడుమ, నీళ్ళకు జానెడు ఎత్తున, ఒకే బల్ల మీద ఒకదాని భుజం మీద ఒకటి ఆనుకుని ఉన్నాయి. ఏకత్వం అంతకన్నా సాధించలేమని మార్తాండరావు గారు రాసుకున్నారు. ఒక్కనాడు మాత్రం లోవరాజు, “అయ్యగారూ, అన్నిటికీ జత ఉంది గానీ ఈ పంటుకి లేదండి” అనబోతే, ఏడుకొండలు ఒక్క దూకు దూకి అతని నోట్లో తన టిఫిన్‌లోని గారె కుక్కాడు. ఏడుకొండలు ఉద్యోగ జీవితంలో మండలికి చేసిన పెద్ద సేవ అదే.

ఆ సాయంత్రం అతను పొద్దుండగానే ఇల్లు చేరాడు. మంగతాయారు ఆసుపత్రి నుంచి వచ్చి తిరగమోత పెడుతుంటే పక్కనే పీట వేసుకుని కూర్చుని తుమ్మాడు. ఇద్దరూ ఒకే కంచంలో వంకాయకూర తిన్నారు. తిన్నాక అతను లేచి, చొక్కా చేతులు మడిచి, గిన్నెలన్నీ పెరట్లోకి తీసుకెళ్ళి తనే తోమాడు.

చెప్పేశాను. ఇందులో కుర్చీ కాలు కోసింది నిజం. పిల్లీ నిజమే, పన్నూ నిజమే, రెండో పెళ్ళాం కాగితం ఇప్పటికీ మంగతాయారు పెట్టెలో ఉంది, అడిగితే చూపిస్తుంది. నేను కల్పించింది ఒక్కటే. ఏడుకొండలు గిన్నెలు తోమలేదు. తిని, త్రేన్చి, నవారు మంచమెక్కాడు. ఆ ముక్క కొట్టేద్దామనే అనుకున్నాను గానీ, మంగతాయారే వద్దంది. “ఉంచండి బాబయ్యా, అచ్చయ్యాక ఆయన చేతే చదివిస్తాను. రూలంటే భయమున్న మనిషి, అచ్చులో ఉందంటే తోమేస్తారు” అంది.